పోచమ్మ గునుగు చెలక

సైకిల్ యాప్‌లో నా పేరు మీద పదిహేడు రూట్లున్నాయి. అన్నీ నల్లగండ్ల నుంచే మొదలవుతాయి. ఏ ఎత్తు దగ్గర గేరు దించాలో, ఏ హోటల్లో పొద్దున ఆరింటికే ఇడ్లీ దొరుకుతుందో, ఏ ఊరి కుక్కలు వెంటపడతాయో అన్నీ రాసిపెట్టాను. పదహారు రూట్ల గురించి ఎవరడిగినా గంటసేపు చెబుతాను. పదిహేడోది అడిగితే మాట మారుస్తాను. దాని సంగతి చెప్పాలంటే పోచమ్మ సంగతి చెప్పాలి. పోచమ్మ సంగతి చెబితే నా పరువు పోతుంది. పోతే పోనీ, ఉంచుకుని చేసేదేముంది.

పోచమ్మ మా ఆఫీసులో, మా అంతస్తు ఊడ్చే మనిషి. యాభై ఐదేళ్లుంటాయి. బోరబండలో లోకల్ రైలెక్కి హైటెక్ సిటీ స్టేషన్లో దిగి నడిచి వస్తుంది. చీర మీద నీలం కోటు. ఈ బిల్డింగు లేస్తున్నప్పుడు ఇసుక మోసిందట, ఇప్పుడు అందులోనే తుడుస్తోంది. ఆ మాట ఏడుస్తూ చెప్పదు. "నేను మోసిన ఇసుక మీదనే మీరు కాఫీ ఒలకబోస్తున్నరు, జర సూస్కొని తాగుండ్రి" అని కసురుతుంది. సింకులో ఎంగిలి కప్పు కనిపిస్తే మా మేనేజర్లని కూడా వదలదు. "కప్పు కడగనీకి గూడ పరీక్ష రాయాల్నా సారూ?" అంటుంది.

ఏడాదికోసారి తొమ్మిది రోజులు సెలవు పెడుతుంది, బతుకమ్మకు. సూపర్‌వైజర్ ఎంత గొణిగినా వినదు. "మూడువందల చిల్లర రోజులు కంపినీయి. గీ తొమ్మిది నాయి" అంటుంది. ఆ రోజుల్లో వికారాబాద్ వైపు వెళ్లే మొదటి రైలెక్కి తల్లిగారి ఊళ్లో దిగుతుంది. అక్కడ గుట్ట కింది మెట్ట చెలకలో గునుగు పూలు, చుట్టుపక్కల తంగేడు తెంపి, మూటలు కట్టుకుని, మధ్యాహ్నానికల్లా బోరబండ మార్కెట్లో కూర్చుంటుంది. నీలం కోటు ఉండదు. ముదురు ఆకుపచ్చ చీర ఉంటుంది. మొదటి వరస ఏ పువ్వు పెట్టాలి, గునుగు ఎంత పొడవు కోసి కట్టాలి, రంగులో ఎంతసేపు ముంచాలి అని ఆడవాళ్లందరూ ఆమెనే అడుగుతారు. ఆ తొమ్మిది రోజులూ ఆమె పూల పోచమ్మ. ఇదంతా ఆమే నాకు చెప్పింది, చెప్పేటప్పుడు ముఖం విచ్చుకునేది.

కొత్తలో ఒకసారి అడిగింది, "ఏ ఊరు సారూ మీది?" అని. "ఇక్కడే, కూకట్‌పల్లి" అన్నాను. కూకట్‌పల్లిలో నేను ఉన్నది హాస్టల్లో నాలుగేళ్లు. పుట్టింది మోమిన్‌పేట దగ్గర పల్లెలో. ఆఫీసులో చేరిన మొదటి వారం ఎవడో నా యాసను వెక్కిరించాడు. అప్పటి నుంచి యాస మార్చుకున్నాను, దాంతోపాటు ఊరినీ మార్చేసుకున్నాను.

మా డైరెక్టర్ కిరణ్ గారిది కడప జిల్లా. ఆఫీసు పని మీద ఏడాది ఫ్రాన్సులో ఉండి, అక్కడి కొండల్లో సైకిల్ తొక్కి వచ్చారు. ఇక ఆ మాటే మాట. లోయలో దిగుతుంటే రెండు వైపులా ఊదారంగు లావెండర్ పొలాలట, ఆ వాసనకు అలుపే తెలియదట. దూరపు కొండలు నునుపు అని నాకు అనాలనిపించేది. కానీ అనలేదు. "మన దగ్గరా ఉన్నాయి సార్, నేను చూపిస్తాను" అన్నాను. ప్రమోషన్ లిస్టు ఆయన చేతిలో ఉంది మరి.

ఇది నిరుటి సంగతి. "మీ ఊరి వైపు రోడ్డెలా ఉంటుంది పోచమ్మా?" అని ఆమెనే అడిగాను. పాపం, తుడిచే కర్ర గోడకు ఆనించి మరీ చెప్పింది. "శంకర్‌పల్లి దాటినంక లారీలు రావు సారూ. రెండు గుట్టల నడుమ దిగుడుంటది. బతుకమ్మప్పుడు పో, చెలకంత పూలే. మస్తు సక్కగుంటది."

నిజంగానే చక్కగా ఉంది. ఆదివారం పొద్దున ఆరుగురం వెళ్లాం. ఎత్తెక్కి దిగేసరికి చెలకంతా గునుగు. తెలుపులో గులాబి కలిసిన కంకులు నడుము లోతు, పొద్దుటి ఏటవాలు ఎండకు ఊదాగా మెరుస్తున్నాయి. మా అమ్మ చేతుల్లో చిన్నప్పటి నుంచీ చూసిన పువ్వు. కిరణ్ గారు బ్రేకు వేసి, "రవీందర్, ఏంటిది?" అన్నారు.

"లావెండర్ సార్. మన తెలంగాణ లావెండర్."

ఆయన ఒక కంకి తుంచి వాసన చూశారు. "వాసన లేదే?"

"మన ఎండలకు వాసన నిలవదు సార్."

అబద్ధానికి అబద్ధం తోడు. ఫోటో తీసి కొంచెం రంగు పెంచితే ఫ్రాన్సే అయిపోయింది. ఆ రాత్రే యాప్‌లో పదిహేడో రూటుకు 'లావెండర్ లోయ' అని పేరు పెట్టేశాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా, పేరు మారిస్తే మాత్రం జనం ఎగబడ్డారు. నేను తెచ్చుకున్న గుప్పెడు గునుగును ఇంట్లో మా పాప నవ్య చేతిలో పెట్టి, "ఇది గునుగు. నానమ్మ దీంతోనే బతుకమ్మ పేర్చేది" అని చెప్పాను. ఇంట్లో నిజం, బయట అబద్ధం. ఆ రోజు అది నాకు తప్పనిపించలేదు.

ఈ ఏడు ముప్పై మందిని తీసుకుని వెళ్లాను. కిరణ్ గారు ముందు, నేను పక్కన. దిగుడు దిగేసరికి చెలకకు ఇనుప ముళ్లకంచె, గేటు, గేటు మీద 'లావెండర్ వ్యాలీ' అన్న బోర్డు. నేను పెట్టిన పేరే, ఇంగ్లీషులో. చెలక యజమాని కుమార్ అనే కుర్రవాడు ఫోటోలకు టికెట్టు పెట్టాడు. కార్లు బారులు తీరి ఉన్నాయి. గేటు బయట ముదురు ఆకుపచ్చ చీరలో, ఖాళీ గోనె సంచి చంకలో పెట్టుకుని పోచమ్మ నిలబడి ఉంది.

"ముప్పై ఏండ్ల సంది తెంపుతున్న. మీ నాయిన ఉన్నన్నాళ్లు ఒక్కమాట అన్లే గదరా కుమారూ" అంటోంది.

"అప్పుడు గడ్డి, పోచక్కా. ఇప్పుడు లావెండరు. విత్తనం బయటి దేశంకెల్లి తెప్పిచ్చిన. పువ్వు తెంపితే మంది ఏం సూడనీకి వస్తరు?"

"గునుగు రా అయ్యా! ఎవడు ఏసిండు దీన్ని? అదే మొలుస్తది!"

నలుగురు నవ్వారు. ఆమె చుట్టూ చూసింది. హెల్మెటు, నల్లకళ్లద్దాలు ఉన్నా నన్ను గుర్తుపట్టింది. ముఖం వెలిగింది.

"మా ఆఫీసు సారు! సదువుకున్నోడు. సారును అడుగుండ్రి. చెప్పు సారూ, గిది గునుగే గద?"

ముప్పై మంది నా వైపు తిరిగారు. కిరణ్ గారు కూడా. ఆయనలో వెటకారమేమీ లేదు, నిజంగానే అడిగారు. "ఏంటి రవీందర్, ఇది లావెండర్ కాదా? ఆమె కోసుకునే పువ్వయితే నేను ఆ అబ్బాయితో మాట్లాడతాను."

దారి అంత తేలికగా ఉంది. ఒక్కమాట చాలు. అవునంటే ఆమె తొమ్మిది రోజులు ఆమెకు మిగిలేవి. కానీ నేను ముప్పై మంది ముందు అబద్ధాలకోరునని తేలేది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

ఆమె ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండేది. జాలి వచ్చింది. "అయ్యో, పట్నంల పుట్టిన పిల్లగానివి. నీకెట్ల తెలుస్తది బిడ్డా! నిన్ను అడుగుడు నాదే తప్పు" అని నన్నే ఓదార్చి, ఖాళీ సంచి దులిపి మడత పెట్టుకుని స్టేషన్ వైపు నడిచింది. మేం లోపలికి వెళ్లి ఫోటోలు దిగాం. అందులో నేను నవ్వుతున్నాను. ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మూడో రోజుకే పోచమ్మ నీలం కోటు వేసుకుని పనిలోకి వచ్చేసింది. పూలు లేనప్పుడు సెలవెందుకని సూపర్‌వైజర్ పిలిచాడట. నేను ఆమె ఉన్న వైపు వెళ్లడం మానేశాను. మంచినీళ్లకు కూడా కింది అంతస్తుకు వెళ్లేవాణ్ని.

ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ అనగా, ముందు రోజు ఆఫీసులో సంబరం. ఆర్డరిచ్చి తెప్పించిన బంతిపూల బతుకమ్మ, మైకు, పట్టుచీరలు. పిల్లల్ని తీసుకురావచ్చంటే నవ్యను తీసుకెళ్లాను. పోచమ్మ మంచినీళ్ల గ్లాసుల ట్రే మోస్తూ తిరుగుతోంది. నేను స్తంభం చాటుకు జరిగాను. అయినా వెతుక్కుంటూ వచ్చేసింది. ట్రే బల్ల మీద పెట్టి, కోటు జేబులోంచి తడిగుడ్డలో చుట్టిన చిన్న కట్ట తీసింది. గునుగు. కొనలన్నీ సమంగా కోసి, దారంతో కట్టి ఉంది.

"బోరబండ రైలు పట్టాల పక్కన జరంత మొలిసింది సారూ. గంతనే దొరికింది. ఆ దినం నీకు తెల్వదంటివి గద, చూపిద్దామని తెచ్చిన. నీ బిడ్డకన్న తెలుస్తది. సూడు, గిట్ల కంకి ఉంటది. ఎండినా వాడదు. దీన్ని గునుగు అంటరు."

మేనమామకు తల్లి పుట్టింటి సంగతులు చెప్పినట్టు ఆమె నాకు గునుగు గురించి చెబుతోంది. నేను కొత్తగా నేర్చుకుంటున్నట్టు తల ఊపాను. అవును, అప్పుడు కూడా తల ఊపాను.

నవ్య చేయి చాచి కట్ట అందుకుంది. "ఇది గునుగని నాకు తెలుసు. నిరుడే నాన్న తెచ్చి చూపించాడు. నానమ్మ వాళ్ల ఊళ్లో బోలెడంత ఉంటుందట కదా నాన్నా!"

మైకులో ఎవరో పాట ఎత్తుకున్నారు. పోచమ్మ నన్ను చూసింది, నవ్యను చూసింది, మళ్లీ నన్ను చూసింది. కప్పు గురించి కసిరినట్టు కసురుతుందేమో అని ఎదురుచూశాను. ఆమె గొంతు పెంచలేదు.

"ఏ ఊరు సారూ మీది?" అంది.

ఈసారి చెప్పాను. ఊరి పేరు, మా నాన్న పేరు, మా అమ్మ పేరు నాగమణి అని కూడా చెప్పాను.

పోచమ్మ గ్లాసుల ట్రే తిరిగి చేతిలోకి తీసుకుంది.

"గా ఊరోళ్లందరు మా చెలకకే వస్తుండిరి గద" అంది. "నాగమణక్క నా పక్కపొంటనే తెంపేది."