వెండి రూపాయి మీది నెమలి

చింతపండుతో గిన్నెలు తోమే వాసన వస్తే మా వెండి రూపాయి గుర్తొస్తుంది. ఏళ్ల తరబడి పెట్టెలో ఉండి దాని అంచులకు నీలం, ఊదా రంగులు పట్టాయి. అందులో నెమలి ఉందని, మబ్బు పడితే కూస్తుందని బడిలో కోతలు కోసేవాణ్ణి. పాత నాణేలు కొనే మెట్‌పల్లి సేటు ఆ రంగు చూసే మంచి ధర చెప్పాడు. ఆ డబ్బొస్తే బాపు దుబాయి పోకుండా ఊళ్లోనే కుట్టుమిషన్ పెట్టుకోవచ్చు.

సేటుకు రూపాయి అమ్మే రోజు పొద్దున్నే అవ్వ దాన్ని దీపావళి పూజకు తోమినట్టు తళతళా తోమేసింది.

సేటు తల పట్టుకున్నాడు. "గా రంగుకే గదమ్మా ధర! గిప్పుడిది ఉత్త వెండే."

"మురికి పట్టింది ఎవలన్న కొంటరా?" అంది అవ్వ.

"రంగు మల్ల వస్తది గదా బాపూ?" అన్నాను.

"వస్తది బిడ్డా, నువ్వు ముసలోనివయ్యేటాళ్లకు."

నెమలి బాపుకు తోడుగా దుబాయి పోయిందని బడిలో చెప్పాను. ఈ మధ్యే, అమ్మకుండా పెట్టెలోనే ఉండిపోయిన రూపాయి అంచున కాస్త నీలం కనిపించింది. చూపిద్దామంటే, దుబాయి నుంచి బాపు రానేలేదు.