కుక్క దవడ అన్నాను

1946 మాఘమాసంలో నన్ను గురజాల దగ్గర సున్నపురాతి గుహల క్యాంపుకు ఫీల్డ్ అసిస్టెంటుగా వేశారు. పైన మద్రాసు నుంచి వచ్చిన ఆఫీసరుగారు, ఆ కింద నేను, నా కింద ఇద్దరు బంట్రోతులు. ఆ రాయి మరీ పురాతనమైంది, అందులో ఎముకలుండవు. దాని పగుళ్ళలోనూ గుహల అడుగునా పేరుకున్న ఎర్రమట్టిలో మాత్రం, చానా తర్వాతి కాలంలో బతికి చచ్చిన జంతువుల ఎముకలు దొరుకుతాయి. వాటిని వెతకడం మా పని. మట్టిని పొరలుగా తీయాలి. ఎముక కనబడితే కుంచెతో దులిపి, స్పిరిట్లో కరిగించిన లక్క పూసి, గట్టిపడ్డాకే కదిలించాలి. ఏ గుహ, ఎంత లోతు, ఏ పొర అన్నది అప్పటికప్పుడు ఫీల్డు పుస్తకంలో ఎక్కించాలి. ఎక్కించని ఎముక మా భూగర్భ శాఖ లెక్కలో చెత్త.

ఇవన్నీ శాఖ నేర్పింది. అంతకు చానా ముందే మా నాన్న ఇంకో విద్య నేర్పాడు. నరసరావుపేటలో మాది బట్టల కొట్టు. కొనేటప్పుడు సరుకును ఈసడించాలి, కావలసిన థాను వైపు కన్నెత్తి చూడకూడదు. ఆ విద్యలో నేను మా నాన్నను మించానని బజారంతా అనేది. నేనూ నమ్మాను.

గుహల పక్కనే ఒక కాంట్రాక్టరు సున్నపు బట్టీ ఉండేది. అందులో రాయి మోసే అంకమ్మ ఒక మధ్యాహ్నం కొంగులో ఏదో మూటగట్టుకొని మా గుడారానికి వచ్చింది. కింది దవడ, వెనక సగం. రెండు దంతాలు నిక్షేపంగా ఉన్నాయి. ఒక్కో దంతం మీద నాలుగు మొనలు. ముందు రెంటినీ ఒక గట్టు, వెనక రెంటినీ ఇంకో గట్టు కలుపుతున్నాయి. అది కోతుల పన్నుకు గుర్తు. అయితే మన ఊళ్ళలో తిరిగే కోతి పన్నుకు రెండింతలుంది. ఇవాళ ఈ దేశంలో ఎక్కడా లేని కోతి అది. చూడగానే నాకు తెలిసిపోయింది. మూతి మాత్రం విరిచాను.

అవి గుడ్డ కంట్రోలు రోజులు, రేషను మీద తప్ప దొరికేది కాదు. ఎముకలు తెచ్చినవాళ్ళకు బహుమతిగా ఇవ్వడానికి మా క్యాంపుకు కొన్ని ముతక చీరలు, రవిక గుడ్డలు మంజూరయ్యాయి. ఆమె ఒక కోక అడిగింది.

"కుక్క దవడకు కోకా? రవిక గుడ్డ ఇస్తా, అదే ఎక్కువ" అన్నాను.

దీని ముందు ముక్క కూడా ఉందనీ, పాక చూరులో దోపాననీ చెప్పింది. ఆవులించాను. తెమ్మంటే కోక మాట మళ్ళీ లేస్తుంది. రెండు రోజులు పోయాక దారిన పోతూ పోతూ అడిగి ఊరికే తెచ్చుకోవచ్చని నా ఎత్తు. రవిక గుడ్డతో సరిపెట్టి, దొరికిన పగులు ఎక్కడో చూపించుకొని, పుస్తకంలో ఎక్కించి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు ఆఫీసరుగారు దవడను భూతద్దం కింద పెట్టి, విరుపు కొత్తది, ముందు భాగమేదీ అన్నారు. కోరపన్నూ దాని వెనక పన్నూ లేకుండా ఏ జాతి కోతో తేల్చలేం. అది అంకమ్మ పాకలో ఉందని చెప్పాను. ఇద్దరం బట్టీకి పరుగెత్తాం. ముందురోజు సాయంత్రమే బట్టీ అంటించారు, అంకమ్మ ఆ ముక్కను అందులో పారేసింది. అది ఈ దేశంలో ఇవాళ మిగలని కోతి ఎముక అని ఆఫీసరుగారు అందరి ముందూ అరిచారు.

అంకమ్మ ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది.

"కోతిదని ఒక్కమాట చెప్పుంటే ఆంజనేయసామిదని పసుపు రాసి దాచేదాన్ని గదయ్యా. కుక్కదంటివి. కుక్క బొమిక పొయ్యి మీద చూరులో పెట్టుకుంటామా?"

ఆఫీసరుగారు కాంట్రాక్టరును పిలిచి మందలించారు. ఆయన ఆ పూటే అంకమ్మను పనిలోంచి తీసేశాడు.

వారం తర్వాత రిపోర్టు చిత్తుప్రతి సాపు రాయమని నాకిచ్చారు. 'కూలీల అజ్ఞానం వల్ల దవడ ముందు భాగం నాశనమైంది' అని ఉంది. అజ్ఞానం ఆమెది కాదండీ, తెలిసి అబద్ధం చెప్పింది నేను అన్నాను. ఆయన తల ఎత్తలేదు.

"నీ పేరు రాస్తే నీ ఉద్యోగం పోతుంది. కూలీలని రాస్తే ఎవరిదీ పోదు."

ఎవరిదీ పోదట! అంకమ్మది పోయి అప్పటికి వారం. బట్టీ పక్కన ఆమె పాక కూడా కాంట్రాక్టరుదే, అదీ ఖాళీ చెయ్యమన్నాడు. పొర లోతులో అంగుళం తేడా వస్తే మెమో ఇచ్చే మనిషికి ఇది మాత్రం తేడాగా తోచలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కంటే, సాపు రాయడానికి కలం పట్టుకున్న నా చేతి మీద ఎక్కువ మండింది.

ఆ వాక్యం దగ్గర ఆపి, కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళాను. నేనేం చెప్పానో, ఆమె ఎందుకు పారేసిందో తెలుగులో రాసి సంతకం పెట్టిచ్చాను. ఆయన చదివి పకపకా నవ్వాడు.

"ఏంది శెట్టీ, తప్పును కూడా బేరమాడకుండా కొనేవాణ్ణి నిన్నే చూస్తున్నా."

నవ్వితే నవ్వాడు గానీ, మర్నాటి నుంచి ఆమెను పనిలోకి రమ్మన్నాడు. నేను కోక పట్టుకెళ్ళాను. ఆమె వెంటనే అందుకోలేదు.

"ఇది దవడకా, నా నోరు మూయడానికా?"

దవడకే అన్నాను. మడత విప్పి, అంచులు రెండూ చూసుకొని, అప్పుడు తీసుకుంది.

రిపోర్టు సాపు నేను రాయనంటే ఇంకొకరు రాశారు. అచ్చులో ఆ వాక్యం అలాగే వచ్చింది. బయటివాళ్ళకు సంతకం చేసిన కాగితం ఇచ్చినందుకు నాకు మెమో వచ్చింది. తర్వాత అదే వాక్యాన్ని ఎత్తిరాసుకున్న పెద్దలు ఎందరో. స్థానికుల అజ్ఞానం మీద ఉపన్యాసాలిచ్చిన వాళ్ళను కుర్చీలో కూర్చొని విన్నాను. ఒక్కరూ ఆ స్థానికులతో ఎవరేం చెప్పారని అడగలేదు. సగం దవడ మ్యూజియం సొరుగులో 'పెద్ద కోతి, జాతి తేలలేదు' అన్న చీటీతో ఉంది.

మిగిలిన సర్వీసులో ఎవరు ఏ ఎముక తెచ్చినా, అదేమిటో నాకు తెలిసినంత వరకు ముందు వాళ్ళకే చెప్పాను. పుస్తకంలో తెచ్చినవారి పేరు రాశాను. బేరం ఆ తర్వాతే. అందువల్ల ప్రతి ఎముకకూ అడిగినంతా ఇచ్చుకోవలసి వచ్చింది. అసలు ధర అదే.