అందరికీ మంచివే

మాటలు లెక్కపెట్టి మనుషుల్ని కొలవొచ్చని నమ్మిన తెలివితక్కువవాణ్ణి నేను. పోలియో చుక్కల మీద జనానికి ఎంత నమ్మకముందో వాళ్ల మాటల్లో వెతకడం అప్పట్లో నా ఉద్యోగం. టేప్‌రికార్డరు పట్టుకుని కుందుర్పిలో ఒక టీ హోటల్లో కూర్చునేవాణ్ణి.

"శానా మంచివప్పా! అందరూ ఏపించుకోవల్ల," అన్నాడు హోటలాయన. తాగుతున్నవాళ్లూ అదే అన్నారు. కరువు సీమలో నమ్మకానికి కరువు లేదని రిపోర్టు రాసేసుకున్నాను.

పంపేముందు టేపు మళ్లీ వింటే అనుమానం పుట్టింది. అందరూ వేయించాలన్నవాళ్లే గానీ, మా బిడ్డకు వేయించామన్నవాళ్లు ఒక్కరూ లేరు. బడి దగ్గర చుక్కలు వేసే ఆదివారం పొద్దున టేపు లేకుండా మళ్లీ హోటలుకు వెళ్లాను.

"అన్నా, నీ మనవనికి ఏపించినావా?" అని హోటలాయన్ని అడిగాను.

"దాంట్లో ఏం కలిపినారో ఎవురికి తెలుసు? వానికేమన్నా అయితే నువ్వు చూస్తావా?" అంటూ నా ముందు టీ పెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. గ్లాసు వెనక్కి తోశాను.

"దీంట్లో నువ్వేం కలిపినావో ఎవురికి తెలుసన్నా? ముందు నువ్వు తాగు."

హోటలంతా గొల్లున నవ్వింది. పక్క బల్ల మీదాయన తన గ్లాసు దించి, "ఏమప్పా, మేమూ ఆపేదా?" అన్నాడు.

హోటలాయన నన్ను కొరకొరా చూస్తూ ఆ టీ మొత్తం తాగాడు. తర్వాత లోపలున్న కోడల్ని కేకేశాడు.

"పిల్లోన్ని ఎత్తుకోని రామ్మా, బడికాడికి పోదాం."