ప్రిస్కిల్లా ఎద్దు

గురజాలలో ఇంట్లో కూర్చుని హైదరాబాదు కంపెనీ బొమ్మలకు ఎముకలు వేసే మనిషి మా ప్రిస్కిల్లా ఒక్కతే. కంప్యూటర్‌లో గీసిన బొమ్మకు లోపల ఎముకలు, కీళ్లు అమర్చితేగాని అది కదలదు. దాన్ని రిగ్గింగ్ అంటారట. ఆరేళ్లుగా వాళ్లిల్లు గడిచేది ఆ జీతంతోనే.

మొన్నామధ్య మేనేజరు సుప్రజ ఫోన్ చేసింది. నాలుగు నిమిషాల్లో ఎముకలు వేసే సాఫ్ట్‌వేర్ వచ్చిందట. బండ లాగే ఎద్దు బొమ్మ ఒకటుంది, దానికి సాఫ్ట్‌వేరూ వేస్తుంది, ప్రిస్కిల్లా కూడా వెయ్యాలి. సోమవారం రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఓడితే ఉద్యోగం పోయినట్టే.

ఇంకొకరైతే ఏడుస్తూ కూర్చునేవారు. ఈ మహాతల్లి ఎర్ర గోళ్లరంగు సీసా పట్టుకుని, పందెపు ఎద్దుల్ని మేపే ఆంజనేయులు కొట్టానికి పోయింది.

"బాబాయ్, నీ ఎద్దుకి కీలు కీలుకీ చుక్క పెడతా. బండ లాగేటప్పుడు వీడియో తీస్తే ఏ కీలు ఎటు పోతందో తెలుస్తది."

"పెట్టుకోవే. తంతే మాత్రం నన్నడగమాక."

తెల్లటి ఎద్దుకు భుజాల మీద, మోకాళ్ల మీద, మూపురం మీద ఎర్రచుక్కలు పడ్డాయి. ఖర్మకాలి ఆ పూట సాధనలో ఆ ఎద్దున్న జత ఎన్నడూ లేనంత బాగా లాగింది. ఇదేదో గెలుపు కిటుకని చూసినవాళ్లంతా నమ్మేశారు. మావాళ్లకు నమ్మడానికి ఎంతసేపు. మర్నాటికి జరీనా ఫ్యాన్సీ షాపులో గోళ్లరంగు ఖాళీ. పద్నాలుగు ఎద్దులు చుక్కలు పెట్టుకుని సాధనకు వచ్చాయి. ప్రిస్కిల్లా పొట్ట పట్టుకుని నవ్వుతూనే అన్నిటినీ వీడియో తీసుకుంది.

సోమవారం వీడియో కాల్‌కి ఆంజనేయులు కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్ ఎద్దు చక్కగానే నడిచింది. కాకపోతే వెనక బండ కట్టినా పెళ్లి ఊరేగింపులో నడిచినట్టే నడిచింది. ఆయన చెవి గోక్కున్నాడు.

తర్వాత ప్రిస్కిల్లా ఎద్దు వచ్చింది. మెడ దించి, మూపురం ఓ పక్కకు ఒరిగి, వెనక కాళ్లు తన్నిపట్టి లాగింది. ఆంజనేయులు లేచి నిలబడ్డాడు.

"కుడిపక్కన అదిలించండయ్యా, ఆగిపోతంది," అని ల్యాప్‌టాప్ మీదకు అరిచాడు.

కాల్‌లో అందరూ నవ్వారు, సుప్రజ తప్ప.

"మొదటి ఎద్దుని చూసి మీరేమీ అనలేదేమండీ?" అని అడిగింది.

"అది బొమ్మ గదమ్మా."

"ప్రిస్కిల్లా, ఇకమీదట సాఫ్ట్‌వేర్ వేసిన ప్రతి ఎముకా నువ్వు చూసి సరిచేశాకే బయటికి వెళ్తుంది," అంది సుప్రజ.

ప్రిస్కిల్లా కాల్ ఆపడం కూడా మరిచిపోయి, ఆంజనేయులు రెండు చేతులూ పట్టుకుని, ఆయన తలగుడ్డ ఊడిపడేదాకా గదంతా గిరగిరా తిప్పింది.