నాయినకు కుట్టిన ప్యాంటు

మేడ్చల్ బస్టాండు పక్క సందులో నాది టైలర్ దుకాణం. జాకెట్లు కుట్టను, పిల్లల నిక్కర్లు కుట్టను, చొక్కాలు కూడా మొహమాటానికే కుడతాను. నా పని ప్యాంట్లు. ఇది గర్వమే, ఒప్పుకుంటాను. చొక్కాదేముంది, భుజాలు కుదిరితే కుదిరినట్టే. ప్యాంటు అలా కాదు. నడుం దగ్గర కుదిరితే సీటు దగ్గర పట్టేస్తుంది. సీటు వదిలితే తొడల దగ్గర వేలాడుతుంది. అన్నీ కుదిరాయిరా దేవుడా అనుకునేలోపు మనిషి నాలుగడుగులు నడుస్తాడు, మన పనితనం బండారమంతా బయటపడుతుంది.

తొంభైలలో ప్లీట్ల ప్యాంట్ల రాజ్యం నడిచింది. ముందు వైపు రెండేసి, మూడేసి మడతలు పెట్టించుకుని, లోపల ఇంకో మనిషి పట్టేంత వదులుగా వేసుకుని తిరిగేవాళ్ళు కుర్రాళ్ళు. ఇక మోరీ, అంటే కాలి అంచు వెడల్పు, దాని గురించి నా దుకాణంలో జరిగినన్ని పంచాయితీలు పొలం గట్ల మీద కూడా జరిగి ఉండవు. ఒకడు పుల్లల్లాంటి కాళ్ళు వేసుకుని వచ్చి "మోరీ ఇరవై పెట్టు మాస్టర్" అన్నాడు. "ఇరవై పెడ్త గని, లోపల కాళ్ళున్నయా లేవా అని దార్ల పోయెటోళ్ళు వంగి సూస్తరు, మంచిదేనా?" అన్నాను. వాడికి కోపం వచ్చింది. నాకు ముందే వచ్చి ఉంది. "నచ్చకపోతే గుడ్డ తీస్కపో, ఎదురుంగనే ఇంకో టైలర్ ఉన్నడు" అనేవాణ్ణి. పోయేవాళ్ళు. పండగ ముందు మళ్ళీ వచ్చేవాళ్ళు. రెండువేల సంవత్సరం దాటాక ప్లీట్లు పోయాయి, ముందు భాగం చదునుగా, తొడకు అతుక్కునే ప్యాంట్లు వచ్చాయి. అవీ నేర్చుకున్నాను. మేడ్చల్‌లో సగం మంది నడుము చుట్టుకొలత నాకు నోటికి వచ్చు.

ఇంత పేరున్నా మా ఇంట్లో మాత్రం ఒక్క గిరాకీ లేడు. నాయినకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ధోతీయే. శామీర్‌పేట రోడ్డు మీద ఒక ద్రాక్షతోటలో ఆయన ముప్పై ఏళ్ళు పని చేశాడు. కొమ్మలు కత్తిరించాలన్నా, మందు కొట్టాలన్నా, గుత్తులు ఎప్పుడు కోయాలో చెప్పాలన్నా ఆయనే. ఆ తోట యజమాని ఒక ఎండాకాలం తీగలన్నీ పీకించి, రాళ్ళు పాతించి, ప్లాట్లు చేశాడు. నాయిన ఇంటికి వచ్చేశాడు.

పని లేని మనిషితో ఇంట్లో ఉండటం ఎంత కష్టమో ఆ ఆరు నెలల్లో తెలిసింది. కూరలో ఉప్పెక్కువైందని గొడవ, తక్కువైందని గొడవ. తోటకు పోయే వేళకు అలవాటు చొప్పున లేచి, చెప్పులు తొడుక్కుని, గడప దగ్గర కాసేపు నిలబడి, మళ్ళీ చెప్పులు విప్పేసేవాడు. అమ్మ ఒకరోజు దుకాణానికే వచ్చి కూర్చుంది. "జర గాయనకు ఏదన్న పని సూడు కొడుకా. గిట్లనే ఇంట్ల కూసుంటే మనిషి దక్కడు, నాకు బుగులైతాంది" అంది.

నా గిరాకీల్లో ఒక మేనేజరుగారు ఉండేవారు. కోస్తా మనిషి, అల్వాల్ వైపు కొత్త కాలనీలో ఇల్లు, గుండ్లపోచంపల్లిలో ఒక పెద్ద గోదాములో ఉద్యోగం. ఒక బుధవారం ఆయన ప్యాంటు ట్రయల్‌కు వచ్చినప్పుడు సిగ్గు విడిచి అడిగేశాను. ఆయన మంచివారు, వెంటనే ఒప్పుకున్నారు.

"గేటు దగ్గర మనిషి కావాలండి. మీ నాన్నగారైతే నాకూ నమ్మకం. కానీ మాస్టారూ, పంచెతో కుదరదండి, కంపెనీ రూలు. సోమవారం హెడ్డాఫీసు వాళ్ళు వస్తున్నారు. ప్యాంటూ షర్టూ వేసుకుని ఆ రోజు గేట్లో నిలబడాలి. వాళ్ళు చూసి సరేనంటే ఖాయమైపోతుంది."

మర్నాడే నీలం రంగు ప్యాంటు గుడ్డ, ఒక రెడీమేడ్ షర్టు పంపించారు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇంటికి పోయి చెబితే నాయిన మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"పని జేస్త. ప్యాంటు ఏస్కోను."

ఎందుకని అడిగితే చెప్పడు. నేను బతిమాలాను, కసిరాను, అన్నం మానేశాను. అమ్మ నాలుగు మాటలు గట్టిగానే అంది. చివరికి శుక్రవారం పొద్దున "సరే, కుట్టు" అన్నాడు, శిక్ష పడిన ముద్దాయిలాగా.

టేపు తీసుకుని పోతే ఇంకో పేచీ. ప్యాంటు కొలత ధోతీ మీద తీయలేం, అన్నీ మడతలే కదా. "ధోతి ఇప్పు నాయినా, డ్రాయర్ మీద నిలబడు, ఒక్క నిమిషం" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"కొడుకు ముంగట డ్రాయర్ మీద నిలబడాల్నా? ధోతి మీదికెల్లే తీస్కో, లేకుంటే ఇడిసిపెట్టు."

అలాగే తీసుకున్నాను. మడతలకు ఇంత తీసెయ్యాలిలే అని కళ్ళతోనే అంచనా కట్టాను. ఇన్నేళ్ళ పనివాణ్ణి, ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. శనివారం పొద్దునకి ప్యాంటు తయారైంది.

నాయిన లోపలి గదిలోకి పోయి, తలుపు గడియ వేసుకుని, చాలాసేపటికి బయటకు వచ్చాడు. నడుం దగ్గర రెండు చేతులతో గుప్పిళ్ళ నిండా గుడ్డ పట్టుకుని ఉన్నాడు. వదిలితే కింద పడేట్టుంది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏందయ్యో, గీండ్ల బస్తెడు వడ్లు పోసినా ఇంక జాగుంటది!" అంది. నాకూ నవ్వు ఆగలేదు. నాయిన వెనక్కి తిరిగాడు. లోపలికి పోయి ధోతీ కట్టుకుని, ప్యాంటు మడతపెట్టి మంచం మీద పెట్టి, బయట అరుగు పక్కన కూర్చున్నాడు.

అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది. నా అంచనా మరీ అంత తప్పదు. ఆరు నెలల్లో మనిషి అంత సన్నబడిపోయాడు, ధోతీ మడతల్లో అది నాకు కనబడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, రోజూ పక్కపక్కనే కూర్చుని తింటూ చూసుకోలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ మంటలో ఇంకో తప్పు చేశాను. అతి చేశాను. ఆయన గుప్పిళ్ళలో ఎంత గుడ్డ పట్టుకున్నాడో అమ్మను అడిగి లెక్క కట్టుకుని, మొత్తం విప్పి మళ్ళీ కుట్టాను. నడుం తగ్గించాను, సీటు తగ్గించాను, తొడ తగ్గించాను. ఎటూ విప్పాను కదా అని కొత్త ఫ్యాషన్‌లో చదునుగా లాగాను. నా తండ్రి వేసుకునే మొదటి ప్యాంటు, చూసినవాడు కుళ్ళుకోవాలి అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఆయన వేసుకున్నాడు. అబ్బ, ఎలా కుదిరిందో! వెనక ముడత లేదు, ముందు ముడత లేదు. పొడుగు మనిషి, ఇంకా పొడుగ్గా కనిపించాడు. అలవాటు కావాలని సందులోకి నడిపించాను. పక్కింటి కోడలు గిన్నెలు తోముతూ తలెత్తి "ఏం కాకా, ఆఫీసర్ లెక్క కొడుతున్నవ్!" అంది. నాయిన చెవులు ఎర్రబడ్డాయి కానీ నడక మారింది. నిజం, నేను చూశాను. "జర చాయ్ తాగొస్త" అని మూల మీద హోటలుకు పోయాడు.

పావుగంటలో తిరిగి వచ్చాడు. చేతులు రెండూ వెనక పెట్టుకుని, గోడల వెంబడి పక్కకు నడుస్తూ వచ్చాడు. జరిగింది ఇదీ. ఆయన జన్మలో హోటలు బెంచీ మీద కూర్చున్నవాడు కాదు. గ్లాసు చేతికి రాగానే ఎప్పటిలా గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా. ప్యాంటు జిప్పు కింది నుంచి వెనక నడుం దాకా పర్రుమని పిగిలిపోయింది.

"బెంచీ ఉండంగ కింద కూసునుడేంది నాయినా!" అని అరిచాను. తప్పు నాదైనప్పుడే నాకు నోరు ఎక్కువ లేస్తుంది.

అమ్మ అందుకుంది. "గాయన ఎట్ల కూసుంటడో నీకు తెల్వదా? పుట్టినకాడికెల్లి సూస్తలేవా?"

నాయిన ధోతీ కట్టుకుని వచ్చి ప్యాంటు నా చేతిలో పెట్టాడు. "నాతోని గాదురా. ఆ సారుకు జెప్పు, ఇంకెవల్లనన్న సూస్కొమ్మను." మెల్లగా అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ప్యాంటు పట్టుకుని దుకాణానికి పోయి సగం షట్టరు ఎత్తాను. గుడ్డ చిరగలేదు, దారమే తెగింది. మళ్ళీ అలాగే కుడితే మళ్ళీ అలాగే తెగుతుంది. నేను ఇన్నేళ్ళూ కుట్టిందంతా కుర్చీల్లో కూర్చునేవాళ్ళకు. ముప్పై ఏళ్ళు తీగల కింద మడమల మీద కూర్చుని పని చేసిన మనిషికి ఎలా కత్తిరించాలో ఆలోచించనే లేదు. మార్గం నాకు తెలుసు. కుత్బుల్లాపూర్‌లో పని నేర్పిన ఉస్తాద్ మొదటి ఏడాదంతా నాతో పైజామాలే కుట్టించాడు. పైజామాలో రెండు కాళ్ళూ కలిసేచోట ఒక నాలుగు పలకల ముక్క వేస్తారు, మియానీ అంటారు. అది ఉంటే ఎలా కూర్చున్నా గుడ్డ పట్టేయకుండా వదులిస్తుంది. కానీ ప్యాంటుకు మియానీ వేయడమంటే ప్యాంటు మాస్టర్‌కు తల తీసేసినట్టే. తోటి టైలర్లు చూస్తే మేడ్చల్ చెరువు దాకా వినబడేలా నవ్వుతారు. నవ్వితే నవ్వారు, నాకేం పోయింది అనుకుని, మిగిలిన నీలం గుడ్డలోంచి ముక్క కత్తిరించాను. తొడలు మళ్ళీ వదులు చేశాను. కుట్టు మీద కుట్టు వేశాను. ఫిట్టింగు పోయింది. ప్యాంటు కాస్త పైజామాకు అన్నలా తయారైంది.

ఇంటికి తెచ్చి మంచం మీద పెట్టాను. "రేపొక్కరోజు ఏస్కో నాయినా. నచ్చకపోతే నేనే పోయి సారుకు చెప్త" అన్నాను. ఆయన అటు చూడను కూడా లేదు. సోమవారం నేను లేచేసరికి మంచం మీద ప్యాంటు లేదు, గోడకు సైకిలు లేదు.

దుకాణంలో చేయి ఆడలేదు. ఒకడి ప్యాంటుకు రెండు కుడి కాళ్ళు కత్తిరించబోయి ఆగాను. మధ్యాహ్నం కాగానే సూదీ దారం జేబులో వేసుకుని, స్కూటరు మీద గుండ్లపోచంపల్లి పోయాను. గేటు దగ్గరే మేనేజరుగారు ఎదురొచ్చారు.

"మీ నాన్నగారు బంగారమండి మాస్టారూ! హెడ్డాఫీసు వాళ్ళు ఇప్పుడే వెళ్ళారు, తెగ మెచ్చుకున్నారు. పొద్దుట్నుంచి ఒక్క క్షణం కూర్చోలేదండి. కుర్చీ వేయించినా కూర్చోలేదు. అదీ డిసిప్లిన్ అంటే! ఈ రోజు నుంచే ఖాయం."

ఆయన లోపలికి పోయాక నాయిన దగ్గరకు వెళ్ళాను. ఖాళీ కుర్చీ పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు. బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నాడు.

"పొద్దుగాలసంది నిలబడే ఉన్నవా? కూసోవేంది?"

"కూసుంటే మల్ల పిగిల్తదేమోనని."

"పిగిల్తే నేను కుడ్త గదా!"

"గది గాదురా." గేటు వైపు చూస్తూ అన్నాడు. "ఎవడు కుట్టిండని ఆ పెద్ద సార్లు అడుగుతరు. నీ పేరు చెప్పాలె. ఊరంత నువ్వు కుట్టినయే ఏస్కుంటరు. కన్నతండ్రికి కుట్టరాలేదు వీనికి అంటరు. నా వొంటికి ప్యాంటు నప్పదు, నాకెరుకే. నేను మొదలు వద్దన్నది గందుకే."

ఆయన సిగ్గుపడుతున్నాడనుకున్నాను నేను. ఆయన బెంగంతా నా పేరు గురించి.

"సార్లు పోయిండ్రు. కూసో నాయినా. పిగిల్తే పిగలనీ, నీకన్న ఎక్కువనా నా పేరు" అన్నాను. గట్టిగానే అన్నాను, లేకపోతే ఏడ్చేసేవాణ్ణి.

అటూ ఇటూ చూశాడు. కుర్చీని కొంచెం పక్కకు జరిపాడు. గోడకు వీపు ఆనించి, భయం భయంగా, ఒక్కో అంగుళం కిందికి దిగుతూ మడమల మీద కూర్చున్నాడు. ఏ చప్పుడూ లేదు. అటు ఊగాడు, ఇటు ఊగాడు. ఒక కుట్టు కూడా కదల్లేదు. "హమ్మయ్య" అని ఇంత పొడుగు నిట్టూర్పు విడిచి మోకాళ్ళ మీద చేతులు చాపుకున్నాడు.

ఆ సంతోషంలో నేనూ ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాను. నేను వేసుకున్నది నేనే కుట్టుకున్నది, కొత్త ఫ్యాషన్‌ది, తొడకు అతుక్కునేది. పర్రుమంది.

నాయిన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆరు నెలలుగా ఇంట్లో వినని నవ్వు నవ్వాడాయన, కళ్ళలోంచి నీళ్ళు కారేలా, మేనేజరుగారు కంగారుపడి గేటు దాకా పరుగెత్తుకొచ్చేలా నవ్వాడు.