మార్చవలసినవి

నా డైరీలో నాది కాని కాగితం ఒకటి ఉంది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాలుగేళ్లుగా దాన్ని మోస్తున్నాను. ఏటా పాత డైరీని అట్టపెట్టెలో పడేసి కొత్తది మొదలుపెడతాను కానీ, ఆ కాగితాన్ని మాత్రం తీసి కొత్త డైరీ వెనక అట్టలోకి మారుస్తాను. అరచేతి కన్నా కాస్త పెద్దది. మడతల దగ్గర చిరుగుతోంది. తూచితే ఎంతుంటుంది? అయినా పుస్తకం ఎత్తిన ప్రతిసారీ నా చేతికి అదే ముందు బరువు తగులుతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే బస్సు దగ్గర మొదలుపెట్టాలి. అలా మొదలుపెడితే నా తప్పుకి ముందే సాకు వెతుక్కున్నట్టవుతుందా? అవుతుందేమో. అవనివ్వండి.

మాది విజయనగరం. నాన్న జీపుల మేస్త్రి. ఇంటి ముందు రేకుల షెడ్డు, దాని పక్కనే విడిభాగాల కొట్టు. నేను డిగ్రీ రాజాంలో చదివాను. రోజూ కాలేజీ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఇంట్లో మేమంతా ఏటి, సెప్పు, సూడు అనే మాట్లాడుకుంటాం. నేను చదివే పుస్తకాల్లో ఎవరూ అలా మాట్లాడరు. మాట్లాడినా వాళ్లు నవ్వించడానికి వచ్చినవాళ్లే. నాకు టీచర్ని కావాలని ఉండేది. తరగతి ముందు నిలబడాలి కదా అని డైరీలో ఒక పేజీ నిండా జాబితా రాసుకున్నాను. ఎడమ పక్క ఏటి, కుడి పక్క ఏమిటి. సెప్పు, చెప్పు. సూడు, చూడు. నాలుక మరిచిపోకూడదని చ అక్షరాన్ని పెద్దగా, బొద్దుగా దిద్దాను. పైన ‘మార్చుకోవలసినవి’ అని పేరు పెట్టి కింద రెండు గీతలు గీశాను.

ఒకరోజు ఆ డైరీ సంచిలోంచి జారి బస్సులో పడిపోయింది. నాకన్నా రెండేళ్లు పై తరగతి అతనికి దొరికింది. అతని పేరు రాయను. వెనక సీటు మీదికెక్కి నిలబడి, గొంతు పెంచి చదివాడు.

“ఒరే, ఇనండ్రా! ఏటి అనకూడదంట, ఏమిటి అనాలంట! సూడు అంటే కళ్లు కనపడవంట!”

బస్సంతా విరగబడి నవ్వింది. డ్రైవరు కూడా. చదివినవాడిదీ మా వైపే, వాడి నోటా అదే మాట. నేను ఏటి అని ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. మార్చుకోవాలనుకోవడమే నేరమైంది. మర్నాటి నుంచి నేను మెట్టెక్కితే చాలు, “ఏమిటమ్మ గారొచ్చేరు, జరగండ్రా, సీటియ్యండి” అనేవాడు. అతని చదువైపోయి వెళ్లిపోయాక కూడా ఆ పేరు బస్సులోనే ఉండిపోయింది. ఏటి అంటే నాకు సిగ్గు, ఏమిటి అంటే వాళ్లకి నవ్వు. రెండూ మానేశాను. టీచరు మాట మళ్లీ ఎత్తలేదు. డిగ్రీ అయ్యాక నాన్న కొట్లో కూర్చున్నాను.

కొట్లో నాకు రహస్యంగా ఒక సుఖం ఉండేది. సామాను డబ్బాల్లో మడిచిపెట్టి వచ్చే కాగితాలు. బిగించేవాళ్లు వాటిని చేతులు తుడుచుకోవడానికి వాడతారు. నేను చదివేదాన్ని, కథ చదివినట్టు, మొదటి నుంచి చివరి దాకా. జీపు కింద ఒక్కసారీ దూరకపోయినా దాని అడుగుభాగం నాకు మా వీధి కన్నా బాగా తెలిసిపోయింది. బండి బరువు మోసే కమాను పట్టీలు మార్చి ఎత్తు పెంచితే ముందు ఇరుసు ఎటు తిరుగుతుందో, స్టీరింగ్ ఎందుకు తేలిపోతుందో, పాత బ్రేకు గొట్టాలు ఎందుకు చాలవో, అన్నీ.

స్టీరింగ్ స్టెబిలైజర్ గురించి మాత్రం మీకు కాస్త వివరంగా చెప్పాలి. అది స్టీరింగ్ కడ్డీకీ ఇరుసుకీ మధ్య అడ్డంగా పడుకోబెట్టే చిన్న షాకబ్జారు. చక్రం గోతిలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతుల్ని కొట్టకుండా పట్టుకుంటుంది. మంచి వస్తువే. కానీ కడ్డీ చివర కీళ్లు అరిగిపోయి చక్రాలు వణుకుతుంటే, ఆ వణుకుని కూడా అది పట్టేస్తుంది. జ్వరం తగ్గినట్టుంటుంది, జబ్బు లోపల ముదురుతుంది. ఆ కీళ్లని టై రాడ్ ఎండ్లు అంటారు. మా కొట్లో ఎండ్లు. స్టెబిలైజర్ అడిగినవాళ్ల చేతికి నాన్న వెంటనే డబ్బా ఇవ్వడు. ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ ఆడించమని, తను కింద పడుకుని ఎండు మీద అరచెయ్యి వేస్తాడు. లోపల ఆట, అంటే వదులు, ఉంటే చేతికి తెలుస్తుంది. బండి తీసుకురాకపోతే, “ఎండ్లు సూపించేరా?” అని అడగనిదే డబ్బా బల్ల దాటదు. ఎంత సిగ్గుపడినా ఆ ఒక్క ప్రశ్న నేనూ అందరినీ అడిగేదాన్ని.

నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, బస్సులో నా డైరీ చదివిన అతను కొట్లోకి వచ్చాడు. నాన్న లేడు, ఎక్కడో ఆగిపోయిన బండి కోసం వెళ్లాడు. నేను వెంటనే గుర్తుపట్టాను. అతను పట్టలేదు. పట్టడానికేముంది? రోజూ ఏడిపించినా అతను గుర్తుంచుకున్నది నా పేజీని, నా ముఖాన్ని కాదు. సాలూరు అవతల కొండ ఊళ్లలో సోలార్ దీపాలు బిగించే పనట. దానికోసం పాత జీపు కొన్నాడు.

“రోడ్డేటుంది, రాళ్లే. కిందకొచ్చి అరవై దాటితే సేతుల్లో స్టీరింగ్ వొణికిపోతన్నాది. రెండంగుళాలు ఎత్తు పెంచాల, ఓ స్టెబిలైజర్ ఎయ్యాల. ఏది మంచిదో నువ్వే సెప్పు తల్లీ.”

నేను నిజాయితీగానే మొదలుపెట్టాను. ఇది నమ్మండి. వెనక ఎంత బరువు వేస్తారు, టైర్లు మార్చారా, ఖాళీగా ఎన్నిసార్లు దిగుతారు, అన్నీ అడిగాను. మరీ గట్టి కమాన్లు వద్దన్నాను, ఖాళీ బండి రాళ్ల మీద ఎగురుతుందని. పెరిగే ఎత్తుకి తగిన పొడుగు షాకబ్జార్లు చూపించాను. స్టెబిలైజర్లు మూడు రకాలు బల్ల మీద పెట్టి మధ్యది తీసుకోమన్నాను. మరీ బిగువుదైతే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తను వెనక్కి రాదు. చెప్తున్నకొద్దీ నాకు నేనే కొత్తగా ఉన్నాను. మాటలు వరసగా వస్తున్నాయి. చ పలుకుతోంది. అతను తలూపుతూ వింటున్నాడు. ఇక ఎండ్ల సంగతి అడగాలి. నోరు తెరిచాను కూడా.

అతని ఫోను మోగింది.

“షాపులో ఉన్నానురా. ఎవరో పిల్ల, మేస్త్రీల కంటే బాగా సెప్తన్నాది. ఒరే, మన బస్సులో ఏమిటమ్మ ఉండేది, గుర్తుందేటి? అచ్చం దాన్లాగే మాటాడతంది!”

నవ్వాడు. అందులో చెడ్డతనం కూడా లేదు. నాకు మండింది అందుకే. నా గొంతు పోయిన సంగతి అతనికి సరదా జ్ఞాపకం. ఫోన్లో అవతలివాడి నవ్వు కూడా నాకు వినిపించింది. నేను వంగి స్టెబిలైజర్ డబ్బా తెరిచాను. లోపలి కాగితం మీద ఎర్ర గుండ్రం గీసి, కీలు మీద అరచెయ్యి వేసిన బొమ్మ ఉంది. ముందు ఇది చూడండి, వణుకుకి ఈ వస్తువు మందు కాదు అని కింద రాసి ఉంది. చదువు రానివాడికి కూడా ఆ బొమ్మ అర్థమవుతుంది. దాన్ని తీసి బల్ల కింద ఉన్న నా డైరీలో పెట్టుకున్నాను. నా పేజీ నువ్వు చదివావు, నీ పేజీ నేను ఉంచుకుంటాను. సరిగ్గా ఈ మాటలే అనుకున్నాను.

ఫోను పెట్టేసి, “మా మేస్త్రి రాజాంలో ఉన్నాడు, ఆడు బిగిస్తాడు. ఏటేటి మార్సాలో సీటీ రాసియ్యమ్మా” అన్నాడు.

రాశాను. పైన ‘మార్చవలసినవి’ అని పెట్టి, అలవాటుగా చ ఒత్తుని బొద్దుగా దిద్ది, కింద రెండు గీతలు. ముందు కమాన్లు. వెనక కమాన్లు. షాకబ్జార్లు నాలుగు. బ్రేకు గొట్టాలు. స్టెబిలైజర్. ఐదు వరసలు. దాని కింద బోలెడు జాగా.

“ఇంకేటైనా ఉన్నాదేటి?”

“ఏమీ లేదండి.”

తడబడలేదు. ఏటీ కాదు, ఏమీ. అన్నేళ్లు అద్దం ముందు సాధన చేసిన మాట మొదటిసారి మనిషి ముఖం మీద అంత స్పష్టంగా వచ్చింది. ఆ రోజు డైరీలో ఉన్నది ఒక్క వాక్యమే: ‘ఇవాళ ఏమీ అన్నాను.’

ఏం కోరుకున్నాను నేను? అతను చచ్చిపోవాలనా? కాదు. పదిమంది ముందు అతని చేతులు వణికి నవ్వులపాలవాలనుకున్నాను, అంతే, అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ నేను అమ్మింది ఆ వణుకుని దాచే వస్తువునే కదా. నవ్వులపాలు చెయ్యాలనుకుంటే స్టెబిలైజర్ ఇవ్వకుండా ఉండాలి. వణుకుతూనే తిరగనివ్వాలి. అంటే నాకు తెలుసు. ఆ కీలు చప్పుడు లేకుండా అరిగి అరిగి ఒకనాడు ఊడుతుందని ఆ మధ్యాహ్నం నాకంత బాగా తెలిసినవాళ్లు విజయనగరంలో నాన్న తప్ప ఎవరూ లేరేమో.

మూడు వారాల తర్వాత నాన్నే వార్త తెచ్చాడు. సాలూరు కొండ దిగుతుంటే ఎండు ఊడి, ఒక చక్రం ఇటూ ఒకటి అటూ తిరిగి, అతని జీపు వెళ్లి కొండ రాతికి గుద్దుకుంది. కుడి మోచెయ్యి నుజ్జయింది. రెండో వైపు లోయ.

“ఎండ్లు సూపించనేదేటో పాపం. నువ్వడిగేవు కదే?”

“అడిగేను నాన్నా.”

“మరింకేటి, ఆడి కర్మ” అని నాన్న కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. నాన్న పద్ధతి మీద నాన్నతోనే అబద్ధమాడాను. అది రెండో తప్పు. మూడోది చెప్పడానికి ఇంకా కష్టంగా ఉంది. నాకు ముందు వచ్చింది భయం కాదు, సంతోషం. ఆ పూట మారు వడ్డించుకుని తిన్నాను. ఏమిటమ్మ నీకు స్టీరింగ్ నేర్పిందిరా, అని లోపల ఒక గొంతు అంటూనే ఉంది. నేను దాన్ని ఆపలేదు.

అతను మళ్లీ వచ్చింది నాలుగు నెలలకి. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంగి అలాగే ఉండిపోయింది. కొట్టు ముందు నిలబడి ఎడమ చేత్తో జేబులోంచి నా చీటీ తీశాడు. షెడ్డులో నాన్న సుత్తి చప్పుడు.

“మంచం మీద పడుండి దీన్నే సూసీవోణ్ని. ఈ చ ఎక్కడో సూసేను, ఈ రెండు గీతలు ఎక్కడో సూసేను అనుకునీవోణ్ని. నువ్వు బస్సులో అమ్మాయివి కదా?”

తలూపాను.

“తప్పు సేసేనమ్మా. అప్పుడు నవ్వులాటనుకున్నాను. దెబ్బ తగిలిన మర్నాడు అమ్మని ఆ జీపులోనే రామతీర్థం గుడికి తీసుకెల్దామని ముందే అనుకున్నాను. ఒక్కరోజు ఆగి ఊడుంటే పక్క సీట్లో అమ్మ కూకునుండీది. తలుసుకుంటే ఒళ్లు జలదరిస్తాది. అప్పట్నుంచి ఎవరెవరికి ఏటేటి సేసేనో అన్నీ గుర్తొస్తన్నాయి.”

పక్క సీటు. నేను లెక్కలోకే తీసుకోని సీటు. రామతీర్థం మెట్ల దగ్గర చెప్పులు విప్పుకునే ఒక ముసలమ్మ, నాకు తెలియని ఆమె, ఒక్క రోజు తేడాతో మిగిలింది.

చెప్పవలసింది అప్పుడే. కాగితం బల్ల కింద, డైరీలో, నా మోకాలికి తగులుతూ ఉంది. తీసి చూపిస్తే చాలు, మాట కూడా అక్కర్లేదు. తియ్యలేదు. ఎందుకు? భయమా? భయమూ ఉంది. కానీ మీ దగ్గర దాచను, అతను క్షమించమన్నందుకు నాకు కోపం వచ్చింది. అన్నేళ్లు నేను దాచుకున్న పగని నిలబెట్టి లాగేసుకున్నాడు. తన తప్పు దించేసుకుని తేలికగా నిలబడ్డాడు, నాది నా దగ్గరే వదిలేశాడు. ఇప్పటికీ ఆ బస్సు తలుచుకుంటే నా పళ్లు బిగుసుకుంటాయి. ఆ మోచెయ్యి తలుచుకుంటే తల వంగుతుంది. ఈ రెండింటిలో ఏది నిజం నేను? రెండూనేమో. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీరు అతను కారు. ఒక్కటి మాత్రం నిజం: కాగితం డైరీలోంచి తీసి, బల్ల మీద విప్పి పెట్టుకుని ఇదంతా రాశాను. చెయ్యి కాస్త తేలికైంది.

ఆ రోజు తర్వాత అతన్ని మళ్లీ చూడలేదు. వెళ్తూ వెళ్తూ చీటీని నా బల్ల మీద పెట్టాడు. అది నలిగి, గ్రీజు అంటి, ఒక్కో వరస పక్కనా మేస్త్రి పెట్టిన టిక్కులతో ఉంది. దాని మీద ఎడమ అరచెయ్యి వేసి, నా ముఖంలోకి మొదటిసారి చూసి అన్నాడు:

“నువ్వు రాసినవన్నీ మార్సీసేనమ్మా. ఒక్కటీ వొదల్లేదు.”