మూడు సీసాల ఆదివారం

మిర్యాలగూడ రైసుమిల్లులో నాతో పాటు వడ్లు ఎండబోసిన స్నేహితురాలు దామరచర్ల పక్కన తండాలో ఉంటుంది. ముప్పై ఏళ్లుగా నన్ను ‘బాయి’ అని పిలుస్తుంది. వాళ్ల భాషలో అక్క అని అర్థం. తండా బయట నన్ను తప్ప ఇంకెవరినీ ఆమె అలా పిలవగా నేను వినలేదు. పోయిన వేసవిలో విన్నాను. మా ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్లో ఎవరితోనో, “సరే బాయి, వస్త బాయి,” అంది. ఎవరని అడిగితే, కోదాడలో తన కూతురు కిరాయికి ఉండే ఇంటామె అని చెప్పింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆ తర్వాత ఎప్పుడు కలిసినా కోదాడ ఆమె ముచ్చటే. పులుసు వాసన చూసే ఉప్పు సరిపోయిందో లేదో చెబుతుందట. ఆమె నాలుకకు తెలియని రుచే లేదట. నాకు ఒళ్లు మండేది. మిల్లులో గింజ పంటికింద పెట్టి, ఇంకెన్ని ఎండలు కావాలో చెప్పేదాన్ని నేను. గుమాస్తా తడి చూసే మిషను పక్కనపెట్టి నన్ను పిలిచేవాడు.

నా నాలుకను అందరికంటే ఎక్కువ నమ్మింది నా స్నేహితురాలే. ఏడాదికోసారి పండక్కి ఇంట్లోకని ఇప్పపూలు నానబెట్టి సారా కాచేది. మొదటి గుటక నాకు పోసి నా ముఖం వైపే చూసేది. నేను తల ఊపాకే మిగతావాళ్లకు పోసేది. చుక్క నీళ్లు కలిపితే తన చేతులు పడిపోవాలని ఒట్టు పెట్టుకునేది. తండాలో ఆమె సారాకు ఉన్న పేరు అలాంటిది.

కోదాడ ఆమె కొడుకు పెద్ద హోటల్లో పనిచేస్తాడు. అక్కడ రకరకాల మందులు చిన్న గ్లాసుల్లో పోసి, వాసన చూసి, ఒక్కో గుటక వేసి ఏది ఏదో చెప్పుకుంటారట. మనమూ అలా చేద్దాం రమ్మని ఆమె నా స్నేహితురాలిని పిలిచింది. సంగతి నా చెవిన పడగానే, “కోదాడ దాక ఎందుకు? మా ఇంట్లనే పెడదాం. ఆమెను గూడ తోలుకరా,” అన్నాను. మంచితనంతో అనలేదు. నా ఇంట్లో, నా కళ్లముందు, ఆమె నాలుక ఓడిపోవాలి.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ఒకే ఆటోలో దిగారు. ఇద్దరి చేతులకూ ఒకే రంగు గాజులు. నేను ముందు చూసింది వాటినే.

కోదాడ ఆమె గోవా నుంచి కొడుకు తెచ్చిన జీడిపండు సారా తెచ్చింది. నా స్నేహితురాలు ఇప్పసారా తెచ్చింది. మూడోది మా ఆయన బ్రాందీ. “నా సీస మీరు ఖతం చేస్తే నేను మజ్జిగ తాగాల్నా?” అని గొణుక్కుంటూ ఆయన తమ్ముడింటికి పోయాడు.

రంగు కనబడకుండా స్టీలు గ్లాసులు తీశాను. యాభై దాటాక మహిళా సంఘం బడిలో నేర్చుకున్న అక్షరాలతో చీటీల మీద మందుల పేర్లు రాసి, గ్లాసుల అడుగున అంటించాను. ముగ్గురికీ మూడేసి గ్లాసులు, ఒక్కొక్కరికి ఒక్కో వరుసలో. వాళ్లిద్దరూ ముందు గదిలో ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నాను. కోదాడ ఆమెకు పోసిన ఇప్పసారాలో ఇంత బ్రాందీ పోశాను, బిందెలో నీళ్లూ పోశాను. బ్రాందీ అని చెప్పి తప్పుతుందని నా లెక్క.

నా స్నేహితురాలు వేలు ముంచి అమ్మవారికి మూడు చుక్కలు చిలకరించాక మొదలుపెట్టాం. కోదాడ ఆమె ముందుగా నేను కలిపిన గ్లాసునే ఎత్తింది. వాసన చూసింది. కళ్లు మూసుకుని గుటక వేసింది.

“ఇది బ్రాందీ కాదండీ. ఇప్పపువ్వే. మా అమ్మమ్మ చాప మీద ఆరబెట్టేది, ఆ వాసన నాకు తెలుసు.” ఇంకో గుటక వేసింది. “ఏమనుకోకు చెల్లెమ్మా, ఇందులో నీళ్లు కలిశాయి. ఇంకేదో కూడా కలిసింది.”

నా స్నేహితురాలి ముఖం పాలిపోయింది. ఆ గ్లాసు లాక్కుని తాగి చూసింది. తర్వాత గ్లాసు వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఆమెకు తెలిసిపోయింది.

“అవును బాయి,” అంది కోదాడ ఆమెతో. “తొందరల సీస సరిగ్గ కడగలే. తప్పు నాదే.”

“పోన్లే, ఎవరికైనా జరుగుద్ది,” అంటూ కోదాడ ఆమె నా స్నేహితురాలి భుజం మీద చెయ్యి వేసింది.

పశ్చాత్తాపంతో నిజం చెప్పానని రాసుకోవాలని ఉంది. కానీ ఆ చెయ్యి అక్కడ ఉండటం చూడలేకే చెప్పాను.

“ఆమె సీసల ఏం లేదు. నేనే కలిపిన, వంటింట్ల.”

కోదాడ ఆమె చెయ్యి తీసింది. “నా మీద కోపముంటే నా గ్లాసులో ఉప్పు పోయాల్సింది అక్కా. ఆవిడ చేతి పని చెడగొడతారా?”



“ఇన్నేండ్లల్ల నా సారకు ఒక్కలు వంక పెట్టలే,” అంది నా స్నేహితురాలు. “నువ్వు పెట్టిచ్చినవ్. గింత కుళ్లు ఏందే నీకు?”

“ఆమెను బాయి అంటున్నవ్. నాకు మండుతున్నది.”

“అరువై ఏండ్లకొచ్చినం. సవతుల లెక్క గీ కొట్లాటేంది!” అంది నా స్నేహితురాలు. కోదాడ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. నా స్నేహితురాలు మాత్రం నవ్వలేదు. లేచి మూడు గ్లాసులు కడిగి తెచ్చింది. తన సీసా మూత తీసి ముందు కోదాడ ఆమెకు పోసింది, తర్వాత తను పోసుకుంది. ఆఖరున నాకు పోసింది, అదీ సగమే.

తాగాను. గొంతులో మెత్తగా దిగి కడుపులో వెచ్చగా కూర్చుంది. ఎంత బాగా కుదిరిందో అనబోయాను. కోదాడ ఆమె నాకంటే ముందే ఆ మాట అనేసింది.